కాళ్ళు చల్లగా ఉన్నాయా అని అడిగిన పొరుగావిడ

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, పిల్లల్ని ఆ చాప మీద ఆడుకోనివ్వండి పర్లేదు. నన్ను ఈరోజు ఈ డెన్మార్క్‌వాళ్ళ హ్యూగె గురించి, అంటే దగ్గరివాళ్ళతో వెచ్చగా హాయిగా గడపడం గురించి మాట్లాడమన్నారు, అందులోనూ బట్టల గురించి. ఈ ఏడాది కొత్తగా వచ్చిన స్టూడెంట్స్ ఉన్నారు, హస్బెండ్ జాబ్ కోసం వచ్చిన అమ్మాయిలున్నారు, అందరూ నన్ను అడిగేది ఒకటే, అక్కా ఏ జాకెట్ కొనాలి, ఎక్కడ కొనాలి అని. జాకెట్ సంగతి తర్వాత రెండు ముక్కల్లో చెప్తాను. ఎందుకంటే బయట మనం ఉండేది రోజుకి గంట, మహా అయితే రెండు గంటలు, మిగతా చలికాలమంతా నాలుగు గోడల మధ్యే గడిచిపోతుంది, మరి ఇంట్లో ఏం వేసుకోవాలి అని మాత్రం ఎవరూ అడగరు. నాకు ఈ దేశం అర్థమైంది ఆ ఇంటి బట్టల దగ్గరే.

ముందు మాట పలకడం చూద్దాం. హైగ్, హిగ్గీ అంటుంటారు మనవాళ్ళు. ఊ అనడానికి చుట్టినట్టు పెదాలు గుండ్రంగా చుట్టండి, అలాగే ఉంచి ఈ అనండి, ఆ శబ్దం అన్నమాట మొదట్లో. చివర గె అనీ అననట్టు వదిలేయాలి. ఈ మాట నార్వే నుంచి వచ్చింది, 1814 దాకా డెన్మార్క్, నార్వే ఒకే రాజు కింద ఉండేవి, డానిష్ రాతల్లో 1800 ప్రాంతం నుంచి కనపడుతుంది. 2016లో ప్రపంచమంతా దీని మీద పడింది, కాలిన్స్ డిక్షనరీ ఆ ఏడాది ముఖ్యమైన మాటల్లో దీన్ని కూడా చేర్చింది, ఇక అప్పట్నుంచి హ్యూగె దుప్పటి, హ్యూగె క్యాండిల్, హ్యూగె స్వెటర్ అని అమ్మడం మొదలైంది. ఇక్కడివాళ్ళు మాత్రం దాన్ని కొనే వస్తువులా మాట్లాడరు. ఎవరింటికైనా వెళ్ళి తిరిగొచ్చేప్పుడు గుమ్మం దగ్గర "తక్ ఫర్ ఈ ఆఫ్టన్, దే వార్ హ్యూగెలిట్" అంటారు, సాయంత్రానికి థాంక్స్, హాయిగా గడిచింది అని. అదే మాటకి ముందు ఊ చేర్చి ఊహ్యూగెలి అంటే భయం పుట్టించేది, ఒళ్ళు జలదరించేది అని అర్థం. అంటే హ్యూగెకి ఎదురు మాట అసౌకర్యం కాదు, భయం. దీన్ని కొంచెం గుర్తు పెట్టుకోండి.

నేను వచ్చిన మొదటి చలికాలం, మేం అప్పుడు ఆర్హుస్‌లో ఉండేవాళ్ళం, పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది, డెబ్బై దాటిన మనిషి. డిసెంబర్లో ఒకరోజు సాయంత్రం కాఫీకి రమ్మంది. పిలిచిన ఇంటికి మంచి బట్టలు కట్టుకుని వెళ్ళాలి కదా, అది మన మర్యాద, నేను ఉప్పాడ చీర కట్టుకుని, మ్యాచింగ్ గాజులు వేసుకుని, చేతిలో చక్కిలాల డబ్బా పట్టుకుని వెళ్ళా. ఆవిడ తలుపు తీసింది. వేసుకున్నది మోకాళ్ళ దగ్గర సాగిపోయిన గోధుమ రంగు కార్డురాయ్ ప్యాంటు, బూడిద రంగు ఊలు స్వెటర్, ఆ స్వెటర్ కుడి మోచెయ్యి దగ్గర చిరిగితే ఆకుపచ్చ దారంతో రఫ్ఫు చేసి ఉంది, రంగు కలవాలని అసలు ప్రయత్నమే చేయలేదు, ఆకుపచ్చగా ఒక చిన్న కిటికీలాగా కనపడుతోంది. నేను ఒక్క క్షణం, రోజు తప్పొచ్చానేమో, ఆవిడ నన్ను ఎదురుచూడట్లేదేమో అనుకున్నా. టేబుల్ మీద చూస్తే కేక్, కప్పులు, క్యాండిల్ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నా చీర చూసి ఎంత బావుందో అంది, కొంగు పట్టుకుని చూసింది, ఆ తర్వాత నా కాళ్ళ వైపు చూసి ఒకటే మాట అడిగింది, కాళ్ళు చల్లగా ఉన్నాయా అని.

నిజంగానే గడ్డకట్టి ఉన్నాయి. చెక్క ఫ్లోర్, బయట చెప్పులు విప్పేసి ఉత్త పాదాలతో నిలబడ్డా. ఆవిడ లోపలికెళ్ళి సొరుగులోంచి ఒక జత ఊలు సాక్సులు తెచ్చింది, ఆవిడ అల్లినవే, మడమ దగ్గర మందంగా, పైన ఎర్ర గీత. నేను మొహమాటపడ్డా, పట్టుచీర కింద ఊలు సాక్సులేంటని. ఆవిడ పట్టించుకోకుండా సోఫా ముందు వంగి నా చేతికిచ్చి, వేసుకున్నాకే కాఫీ పోసింది. ఒక పది నిమిషాలు గడిచాక నేను కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నానని నాకే తెలీలేదు. రెండు గంటలు మాట్లాడుకున్నాం, అప్పటిదాకా ఈ దేశంలో నేను ఎవరితోనూ అంతసేపు మాట్లాడింది లేదు.

చాలా రోజులు ఆలోచించాను దాని గురించి. మనకి మంచి చీర కట్టుకెళ్ళడం అంటే ఎదుటివాళ్ళకి ఇచ్చే గౌరవం. ఆవిడ ఆ రఫ్ఫు స్వెటర్‌తో తలుపు తీయడం కూడా గౌరవమే, నీ ముందు నేను తయారవ్వక్కర్లేదు, నువ్వు నాకు పరాయిదానివి కావు అని చెప్పడం. రెండూ గొప్పవే, నేను ఒకదాన్ని తక్కువ చేయను, కానీ రెండోది మనకి కనపడదు, కనపడక వాళ్ళు మనల్ని లెక్క చేయలేదనుకుంటాం. మొన్న కూడా ఒకమ్మాయి నాతో అంది, ఇంటికి పిలిచి ట్రాక్ ప్యాంట్‌లో కూర్చున్నారక్కా అని. అమ్మా, అది నిన్ను దగ్గరికి తీసుకోవడమే.

వీళ్ళకి హ్యూగెబుక్సర్ అని ఒక మాట ఉంది. బుక్సర్ అంటే ప్యాంటు. బయట నలుగురిలోకి అస్సలు వేసుకెళ్ళలేని, కానీ ఇంట్లో ఉన్న అన్ని బట్టల్లోకీ ఎక్కువ ఇష్టమైన ప్యాంటు అన్నమాట. ఇది విన్నప్పుడు నాకు మా నాన్న లుంగీ గుర్తొచ్చింది. మన ఇళ్ళల్లో ఇది లేకేం, మగవాళ్ళకి లుంగీ, బనీను, ఆడవాళ్ళకి ఉతికి ఉతికి మెత్తబడ్డ కాటన్ నైటీ. తేడా ఎక్కడంటే బెల్లు మోగగానే. బెల్లు మోగగానే నాన్న చొక్కా కోసం లోపలికి పరిగెడతాడు, అమ్మ నైటీ మీద చున్నీనో తువ్వాలో కప్పుకుని తలుపు తీస్తుంది. ఇక్కడ బెల్లు మోగినా అదే ప్యాంటుతో తలుపు తీస్తారు, వచ్చినవాళ్ళు దగ్గరివాళ్ళయితే. అందుకే ఊహ్యూగెలి మాట గుర్తు పెట్టుకోమన్నా, నన్ను ఎవరైనా ఏమనుకుంటారో అన్న భయం లేని చోట హ్యూగె ఉంటుందని నాకు అనిపిస్తుంది, బట్ట దానికి గుర్తు.

ఇంకొకటి కూడా ఉంది దీని వెనక. యాంటెలోవెన్, అంటే యాంటె ఊరి చట్టం, అని వినే ఉంటారు, ఆక్సెల్ సాండెమోసె అనే ఆయన 1933లో రాసిన నవల్లోంచి వచ్చింది, యాంటె అందులో ఒక కల్పిత ఊరు, నువ్వు మాకంటే గొప్పవాడివని అనుకోకు అన్నది దాని సారం. ఆయన ఆ చిన్న ఊరి మనస్తత్వాన్ని విమర్శిస్తూ రాశాడు. కానీ రాత్రి భోజనానికి ఎనిమిది మంది కూర్చున్నప్పుడు ఏ ఒక్కరి బట్టలూ మిగతావాళ్ళని చిన్నబుచ్చకపోవడంలో దాని మంచి వైపు కూడా నాకు కనపడింది.

సరే, పాదాల దగ్గరికొద్దాం, అసలు సంగతి అక్కడుంది. ఇక్కడ ఇళ్ళల్లో బూట్లు గుమ్మం దగ్గరే విప్పుతారు, ఈ ఒక్క విషయంలో మనకీ వాళ్ళకీ ఏం చెప్పుకోనక్కర్లేదు, బయట చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కుని గానీ వంటింట్లోకి రానివ్వని ఇంట్లోంచి వచ్చినవాళ్ళమే అందరం. విప్పాక వేసుకునేవాటిని యెమ్మెస్కో అంటారు, యెమ్ అంటే ఇల్లు, స్కో అంటే చెప్పు, ఇంటి చెప్పులు. క్రెష్‌లో, కిండర్‌గార్టెన్‌లో మీ పిల్లలకి కూడా ఒక జత తెమ్మని చెప్తారు చూడండి, అవే. చాలా ఇళ్ళల్లో ఇవి ఫెల్ట్‌వి, అంటే నేసింది కాదు, అల్లింది కాదు, ఊలుని వేడి సబ్బునీళ్ళతో మర్దించి మర్దించి దళసరిగా చేసింది. డెన్మార్క్ పడమటి వైపు ఉన్న ద్వీపకల్పం జట్లాండ్, దాని ఉత్తరాన 1993లో నన్నీ గ్లెరుప్ అనే ఆవిడ తను పెంచుకుంటున్న గొర్రెల ఊలుతో ఇలా ఒక జత చేసుకుంది, ఇవాళ ఆ పేరుతో చెప్పులు చాలా దేశాల్లో దొరుకుతున్నాయి.

ఈ ఫెల్ట్ ఎలా అవుతుందో నేను నష్టపోయి నేర్చుకున్నా. ఊలు పోగుని పెద్దది చేసి చూస్తే మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడి నీళ్ళు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే పోగులు దగ్గరకి పాకి ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇక వదలవు. ఇక్కడికొచ్చాక నా మొదటి పుట్టినరోజుకి మా ఆయన కొన్న మంచి స్వెటర్ని నేను జీన్స్‌తో కలిపి మెషీన్లో వేడి నీళ్ళలో వేశా. బయటికి తీస్తే మూడేళ్ళ పిల్లకి సరిపోయేంత అయింది, అట్టలాగా గట్టిగా. ఏడుపొచ్చేసింది. పక్కావిడకి చూపిస్తే చేత్తో నొక్కి చూసి, ఇది బాగా ఫెల్ట్ అయింది, పారేయకు అని కత్తెర తెచ్చి, నా రబ్బరు బూట్లు ఒక పేపర్ మీద పెట్టి గీసి, ఆ కొలతకి స్వెటర్లోంచి పాదం ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించి బూట్లలో అడుగున పెట్టింది. నాలుగు చలికాలాలు అవి వేసుకుని సైకిల్ తొక్కా నేను.

ఊలు అసలు ఎందుకంటే, ఇది మీరందరూ వినాలి. మనం ఇండియా నుంచి వచ్చేటప్పుడు కాటన్ థర్మల్స్ నాలుగు జతలు తెచ్చుకుంటాం. ఇక్కడి చలి మంచు చలి కాదు, జనవరిలో కూడా సగటున సున్నాకి కాస్త పైనే, ఒకటి రెండు డిగ్రీలు, కానీ తేమ, గాలి. సైకిల్ తొక్కితే చెమట పడుతుంది, కాటన్ ఆ చెమట పీల్చి ఒంటికి అతుక్కుంటుంది, ఆగగానే వణుకు. ఊలు దాని బరువులో ముప్పై శాతం దాకా తేమ లోపల దాచుకున్నా మన చేతికి తడి తెలీదు, పైగా పోగు వంకీలు తిరిగి ఉంటుంది కాబట్టి మధ్యలో గాలి నిలుస్తుంది, వెచ్చదనం ఇచ్చేది ఆ నిలిచిన గాలే. అందుకే ఒక లావు బట్ట కంటే మూడు పలచటివి మేలు, లోపల పలచటి మెరినో, అంటే మెరినో గొర్రెల సన్నని మెత్తని ఊలు, దాని మీద స్వెటర్, బయటికెళ్తే గాలీ వానా ఆపే షెల్ ఒకటి. జాకెట్ సంగతి అయిపోయింది, అంతే అది. ఇంట్లోకి రాగానే షెల్ విప్పితే మిగిలిన రెండే ఇంటి బట్టలు.

ఊలు అనగానే నాకు మా తాత గొంగడి. మాది మహబూబ్‌నగర్ వైపు, చిన్నప్పుడు వానొస్తే తాత గొంగడి కొప్పెరలాగా నెత్తి మీద వేసుకుని పొలం నుంచి వచ్చేవాడు, నల్ల దక్కని గొర్రెల ఊలు, కుర్మలు నేసినది. తడిసిన గొంగడికి ఒక వాసన ఉంటుంది, కొంచెం గొర్రె, కొంచెం జిడ్డు, కొంచెం మట్టి. ఆ వాసన మళ్ళీ నాకు తగిలింది ఇక్కడ ఒక ఓడరేవులో, వానలో నా పక్కన నిలబడ్డ ముసలాయన స్వెటర్లోంచి. ఊలులో లానొలిన్ అనే సహజమైన జిడ్డు ఉంటుంది, పూర్తిగా కడిగేయకుండా వదిలితే వాన చుక్క జారిపోతుంది, ఇక్కడి జాలర్లకీ మన గొల్ల కుర్మలకీ ఇది ఎవరూ ఒకరికొకరు చెప్పింది కాదు. 1931లో హెర్నింగ్ అనే ఊళ్ళో సోరెన్ నీల్సన్ స్క్యూట్ అనే ఆయన అచ్చంగా జాలర్ల కోసమే స్వెటర్లు అల్లించడం మొదలుపెట్టాడు, మీద బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది, ఆ డిజైన్ అందానికని అనుకుంటాం, బుడిపెల మధ్య గాలి నిలవడానికి అది.

హెర్నింగ్ అంటే గుర్తొచ్చింది, దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నాకు చాలా ఇష్టమైన సంగతి. జట్లాండ్ మధ్యలో ఆ ప్రాంతమంతా ఒకప్పుడు పొద పెరిగే ఇసక నేల, పంట సరిగ్గా పండదు, గొర్రెలు మాత్రం బతుకుతాయి. అందుకని వందల ఏళ్ళు అక్కడి జనం ఊలు సాక్సులు, మేజోళ్ళు అల్లి బతికారు, ఆడవాళ్ళే కాదు మగవాళ్ళు, పిల్లలు, పనివాళ్ళు అందరూ, నడుస్తూ కూడా అల్లేవాళ్ళు, వాటిని మూట కట్టుకుని కాలినడకన దేశమంతా తిరిగి అమ్మే హోసెక్రెమర్లు ఉండేవాళ్ళు. చలికాలం సాయంత్రం ప్రతి ఇంట్లో దీపం, పొయ్యి వెలిగించుకునే స్తోమత లేదు, అందుకని ఊరంతా ఒక ఇంట్లో చేరేవాళ్ళు, ఒకే దీపం, ఒకే వెచ్చదనం, అందరి చేతుల్లో సూదులు, ఒకరు కథ చెప్తుంటే ఇంకొకరు పాట అందుకునేవాళ్ళు. ఆ గదిని బిన్‌స్టూ అంటారు, అల్లిక గది. స్టీన్ స్టీన్సెన్ బ్లిచర్ అనే రచయిత 1842లో ఆ గదిలో చెప్పుకునే కథలని ఆ మాండలికంలోనే రాశాడు. మన దగ్గర బీడీలు చుడుతూ, విస్తరాకులు కుడుతూ అరుగుల మీద చెప్పుకునే కబుర్లు తెలిసినవాళ్ళకి ఆ గది ఎలా ఉండేదో నేను వర్ణించక్కర్లేదు. షాపులో హ్యూగె అని రాసి అమ్మే దుప్పటి చూసినప్పుడల్లా నాకు ఆ గది గుర్తొస్తుంది, లేమిలో పుట్టిన వెచ్చదనం అది, డబ్బులతో కొన్నది కాదు.

ఇంత దూరం ఎందుకు, 2022 చలికాలం గుర్తుందా, గ్యాస్ ధరలు పెరిగి ప్రభుత్వం పబ్లిక్ బిల్డింగుల్లో పంతొమ్మిది డిగ్రీలే ఉంచమంది. మా ఆఫీసులో వారం తిరక్కుండా అందరూ స్వెటర్లతో వచ్చారు, కొంతమంది డెస్క్ కింద ఇంటి చెప్పులు కూడా పెట్టుకున్నారు. మీలో కూడా హీటింగ్ బిల్లు చూసి బాధపడేవాళ్ళుంటారు, థర్మోస్టాట్ ముట్టుకునే ముందు సాక్సులు వేసుకోండి.

పిల్లల గురించి ఒకటి చెప్పాలి. మా పాప క్రెష్‌లో చేరిన మొదటి వారం, మధ్యాహ్నం వెళ్తే ప్రామ్‌లు, అంటే పసిపిల్లల బండ్లు, వరసగా ఆరుబయట, పిల్లలందరూ ఆ చలిలో నిద్రపోతున్నారు. నా గుండె ఆగినంత పనైంది. దగ్గరికెళ్ళి మెడ వెనక చెయ్యి పెట్టి చూశా, వెచ్చగా, అసలు కొంచెం చెమట కూడా ఉంది. లోపల ఊలు బాడీ, ఊలు టోపీ, మెత్తని డూవే దుప్పటి, అన్నిటికన్నా కింద మా అమ్మ పాత చీరలు ఏడు పొరలు వేసి కుట్టి పంపిన బొంత. వీడియో కాల్‌లో మా అత్తయ్యకి చూపిస్తే బిడ్డని బయట పడేశారా అని నాతో రెండు రోజులు మాట్లాడలేదు, ఆవిడ ప్రేమ అది, తప్పు పట్టను. కానీ పిల్లలకి చలేస్తోందా లేదా అని చేతులు పట్టుకుని చూడకండి, చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి, మెడ వెనక చూడండి. ఇది క్రెష్ ఆవిడ నాకు నేర్పింది.

ఇవన్నీ కొనాలంటే ఖరీదు కదా అంటారు. కొత్తవి ఖరీదే. గెన్‌బ్రూగ్ షాపులకెళ్ళండి, అంటే వాడిన వస్తువులు అమ్మేవి, రెడ్ క్రాస్ వాళ్ళవి దాదాపు ప్రతి ఊళ్ళో ఉంటాయి, ఎవరో అమ్మమ్మ అల్లిన స్వెటర్లు అక్కడ దొరుకుతాయి. వాడిన బట్టలు వేసుకోవడం మనకి మనసొప్పదు, నాకూ ఒప్పలేదు మొదట్లో. ఇక్కడ దాన్ని ఎవరూ తక్కువగా చూడరు, బాగా సంపాదించేవాళ్ళు కూడా కొంటారు. లోపల లేబుల్ చూడండి, ఉల్ అని ఎంత శాతం రాసుందో. అక్రిలిక్ అని ఉంటే వదిలేయండి. ఉతకడం తక్కువ, రాత్రి బాల్కనీలో గాలికి ఆరబెడితే చాలు వాసన పోతుంది, మన మసాలా వాసన కూడా పోతుంది, నేను చూశాను. ఉతకాల్సొస్తే ఊలు ప్రోగ్రామ్‌లో, ఆరేయడం తీగ మీద కాదు, తువ్వాలు పరిచి దాని మీద.

ఏదో అడుగుతున్నారు బాబూ, గట్టిగా చెప్పు. ఆ, గుచ్చుకుంటుంది అంటున్నాడు, ఊలు ఒంటికి పడదు, దురద అంటున్నాడు. చాలామందికి ఉన్న ఇబ్బందే ఇది, మంచి ప్రశ్న. చాలాసార్లు అది అలర్జీ కాదు, పోగు మందం. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు, ముప్పై మైక్రాన్లు దాటిన పోగు కొస వంగదు, చర్మాన్ని పొడుస్తుంది, మెరినో పోగు మామూలుగా ఇరవై నాలుగు లోపే ఉంటుంది, అది తగిలితే వంగిపోతుంది. అందుకని ఒంటికి ఆనేది మెరినో, ముతకది దాని పైన. మా తాత గొంగడి ఎంత ముతకో, చేత్తో రుద్దితే ఎర్రబడేది, ఆయన రాత్రి ముందు పాత ధోవతి కప్పుకుని దాని మీద గొంగడి లాక్కునేవాడు. నువ్వూ అదే చెయ్యి. అక్కడ తలుపు పక్కన బుట్టలో పన్నెండు జతల సాక్సులు పెట్టాను, నేనూ ఇంకో ఇద్దరం కలిసి అల్లినవి, ఉతికినవే. వెళ్ళి ఒకటి తీసి చెవి కింద మెడకి ఆనించి పట్టుకో ఒక నిమిషం, అక్కడ గుచ్చుకోకపోతే నీకు కాలికి అసలు గుచ్చుకోదు, అది నీదే, తీసుకెళ్ళు.